గాజునోటి వైపు తిరిగిన ముఖాలు

1. ఉదయపు పాటు, నీళ్ళు వెనక్కి తీసే వేళ. గాలి తక్కువ.

రత్నానికి పేరు పెట్టారట.

మరలపేటలో పేరు పెట్టడమంటే బారసాల కాదు. అక్కడ చేతులతోనే మాట్లాడుకునే చేతిమాట వాళ్ళు ఒక మనిషిని చాన్నాళ్ళు గమనించి, ఆ మనిషిలో తమ కంటికి ఆనిన ఒక్కదాన్ని పట్టుకుని దానికొక సైగ కడతారు. ఆ సైగే పేరు. అడిగితే ఇవ్వరు. మనంతట మనం పెట్టుకుంటే నవ్వుతారు. నాకు పేరు రావడానికి ఏళ్ళు పట్టింది. చూపుడువేలితో కళ్ళజోడు పైకి తోసుకోవడం, అదీ నేను. కానిస్టేబుల్ పైడిరత్నం మా ఠాణాకి వచ్చింది మొన్న తుఫానుల కాలం దాటాక. ఇంకా మరలపేట సందులే సరిగ్గా తెలియవు. అయినా పేరొచ్చింది. రెండు కళ్ళ పక్కన రెండు గుప్పిళ్ళు పువ్వుల్లా విప్పడం. కళ్ళింతలేసి చేసుకునే పిల్ల అని.

టీ గ్లాసు పట్టుకుని వచ్చి నాకే చూపించింది. "ఇది తిట్టేటండి అమ్మగారూ? ఆళ్ళందరూ నన్ను సూసి ఇలాగంతన్నారు."

తిట్టు కాదు, పేరు అని చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నేను గుడ్డ తీసుకుని గాజునోరు తుడవడానికి లేచాను.

సముద్రం పైకి వచ్చినప్పటి నుంచీ గట్టుపట్నంలో తెల్లారితే మొదటి పని ఉప్పు తుడవడమే. కిటికీలు, కుర్చీలు, తలుపు గడియలు. ఠాణాలో గాజునోరు తుడవడం నా వంతు. అది రెండు పలకలు. ఒక పలక పోలీసు మాటని చేతులుగా మార్చి ఎదుటి మనిషికి చూపిస్తుంది. గోడ వైపున్న రెండో పలక ఆ మనిషి చేతుల్ని అక్షరాలుగా మార్చి పోలీసుకి చూపిస్తుంది. ఆ రెండో పలక నిలబడ్డ చోట ఇదివరకు దుబాసీగా నా కుర్చీ ఉండేది. ఇప్పుడు నేను సరిచూపు ఉద్యోగిని. విచారణ జరిగేటప్పుడు గదిలో ఉండకూడదు. అయ్యాక గోడకున్న కన్ను పట్టిన కదిలే బొమ్మ చూసి, చేతులు చెప్పిందీ గాజు రాసిందీ ఒకటేనని వేలిముద్ర వేయాలి. నా వేలిముద్ర లేనిదే ఏ వాంగ్మూలమూ మెట్ట మీది కోర్టుకి వెళ్ళదు. చెప్పుకోడానికి పెద్ద అధికారమే.

2. మధ్యాహ్నం. మరలు పూర్తి వేగంలో.

మరలపేటకి భోజనానికి వెళ్ళాను. ఆటుపోట్ల మీద తిరిగే ఆ ఇనప మరల మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు. చెవులున్నవాళ్ళు దూది పెట్టుకుని తలనొప్పితో తిరుగుతారు. చెవిటివాళ్ళు హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. అందుకే కొత్తలో ఆ పనికి వాళ్ళనే ఏరి తెచ్చారు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు, పక్కింటివాళ్ళు, ఉప్పుచేపలమ్మే ఆవిడ, అందరిదీ చేతిమాటే.

రత్నం అక్కడే ఉంది, బల్ల మధ్యలో. చేప బాగుందని చెప్పబోయి చేపకి పెళ్ళయిందని చెప్పింది. బల్ల చుట్టూ నవ్వులు. నేను లేచి, అందరి ముందూ, ఆ సైగ ఎలా పట్టాలో, మణికట్టు ఎక్కడ తిరగాలో చూపించాను. నేర్పే గొంతు ఒకటుంటుందే, నా చేతులకి ఆ గొంతు వచ్చింది. నాకే తెలిసింది.

మంగవేణి నా మోచెయ్యి పట్టి ఆపింది. మూడో తలుపు కాపలా ఆమెదే. పోటు రాగానే సముద్రపు గోడలోని ఇనప తలుపు దించి, పాటు రాగానే ఎత్తడం. నేను విశ్వవిద్యాలయంలో పుస్తకాల్లో నేర్చుకుని వచ్చిన చేతిమాటని బతికున్న మాటగా మార్చింది ఆమె. స్నేహితురాలని రాయొచ్చా? నేను అనుకుంటాను. ఆమె ఏమనుకుంటుందో ఎప్పుడూ అడగలేదు.

"పోనీలే. పెళ్ళయింది కదా, సుఖంగా ఉండనీ చేపని," అంది చేతులతో. మళ్ళీ బల్లంతా నవ్వు. రత్నం అర్థం కాకపోయినా అందరికంటే గట్టిగా నవ్వింది.

నేను మాటలాడితే వాళ్ళెప్పుడూ అలా నవ్వలేదు. నేను తప్పు చేయలేదు, అందుకు.

3. సాయంత్రపు పోటు తర్వాత.

మూడో తలుపు పడలేదు.

తలుపులు దించమనే ఎర్రదీపాలు వెలిగాయి, మిగతా తలుపులు పడ్డాయి, మూడోది తెరిచే ఉంది. నీళ్ళు దిగువ బజారులోకి నడుముల్లోతున వచ్చాయి. జొన్నపిండి బస్తాలు నానిపోయాయి. టైలరు జోజప్ప మిషను కాపాడుకోబోయి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. తలుపు ఆలస్యంగా దించినట్టు మంగవేణి ఒప్పుకుంది. ఆమెను పట్టుకొచ్చారు.

చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి తెచ్చారు. ఇన్‌స్పెక్టర్ దేవసహాయం గారికి చెప్పాను, ఆమెకి అలా కట్టడమంటే నోట్లో గుడ్డలు కుక్కడమేనని. ఆయన మంచివాడు. "అయ్యో, నిజమే కదండీ," అని వెంటనే విప్పించారు. విచారణకి ముందు మంచినీళ్ళు కూడా ఇప్పించారు. ఆయన మీద చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అదే కష్టం.

గంట తర్వాత వాంగ్మూలం నా ముందుకొచ్చింది.

తలుపు వేళకి ఎందుకు దించలేదు అన్న ప్రశ్నకి ఆమె రెండు ముక్కలు చెప్పి ఊరుకుంది. 'జవాబు ఆపింది' అని గాజు రాసింది. ఇంకోలా అడిగారు. మొదలుపెట్టింది. జవాబు ఆపింది. నీళ్ళ వైపు ఏం చూశావు? జవాబు ఆపింది. చివర గాజు తన అంచనా రాసింది: దాపరికం.

ఇది ఇలాగే మెట్ట మీదికి వెళితే ఏమవుతుందో నాకు తెలుసు. తలుపు కాపలాలో దాపరికం తేలితే మెట్ట జైలుకి పంపుతారు, ఏళ్ళకేళ్ళు. ఆమె కూతురు అలివేలుకి ఇంకా పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆ తలుపు కూడా ఇక మరలపేట వాళ్ళకి ఇవ్వరు.

బొమ్మ చూశాను. చేతులు నిజంగానే ఆగాయి. గాజు అబద్ధం రాయలేదు. రేపు వేస్తానండీ వేలిముద్ర అని చెప్పి వచ్చేశాను. అనుమానం వచ్చి ఆగానో, మంగవేణి నన్ను పిలుస్తుందేమోనని ఆగానో తెలియదు. పిలవలేదు.

4. ఉదయపు పోటు. తలుపులన్నీ పడ్డాయి.

రత్నం గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కాగితం.

"పడవొకటొచ్చిందంటండి అమ్మగారూ," అంది. "సుక్కాని ఇరిగిపోయి గుడ్డ ఊపుతా వత్తన్నాడంట ఒకడు. ఆడు లోపలికొచ్చీదాకా తలుపు అట్టే ఉంచీసిందంట."

మంగవేణికి జావ పెట్టడానికి లాకప్పులోకి వెళ్ళి కూర్చుందట. గాజునోరు లేదు, ఏమీ లేదు. ఊరికే అడిగిందట. మంగవేణి చెప్పుకుంటూ పోయిందట, జావ చల్లారిపోయేదాకా.

నాకు వినబడింది ఒక్కటే. రత్నానికి చెప్పింది. ఇన్‌స్పెక్టరుకి చెప్పనిది, గాజుకి చెప్పనిది, నాకు కబురు కూడా పెట్టనిది, చేపకి పెళ్ళి చేసిన ఈ పిల్లకి చెప్పింది.

కాగితం తీసుకుని చదివాను. ఎర్ర పెన్సిలు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. పడవ తూర్పు నుంచి అని రాసింది, అక్కడ తూర్పున గోడే ఉంది. ఒకచోట ఇద్దరు మనుషులు, ఇంకోచోట ముగ్గురు. తలుపు ముందు దించి మళ్ళీ ఎత్తిందా, అసలు దించలేదా, అదీ తేలలేదు. అర్హత లేనివాళ్ళు రాసుకొచ్చిన మాటని సరిచూపు ఉద్యోగి ఒప్పుకుంటేనే అది లెక్కలోకి వస్తుంది. ఒప్పుకోలేనని చెప్పాను. నియమం ప్రకారం నాది తప్పు కాదు.

దేవసహాయం గారు నిట్టూర్చారు. అయితే గాజు రాసిందే పంపాలి అన్నారు. నిందితురాలితో ఒంటరిగా మాటలు పెట్టుకున్నందుకు రత్నాన్ని రేపటి నుంచి దీపాల గస్తీకి వేస్తానన్నారు. ఉప్పుగాలిలో గోడ మీద నడవడం తప్ప మనుషులతో పనిలేని ఉద్యోగం అది.

రత్నం నాతో వాదించలేదు. "నాను తప్పుగా రాసుంతాను. మీరెల్లి అడగండమ్మగారూ, మీకైతే బాగా సెబుతాది," అంది.

నాకు సంతోషం కలిగింది. ఇక్కడ ఇంకో మాట రాయబోయి కొట్టేశాను. సంతోషమే.

5. పాటు. ఎండ.

వేలిముద్ర వేయలేదు. ఒప్పుకోకపోవడానికి ఇంకొన్ని కారణాలు దొరికితే మనసు నిలకడగా ఉంటుందని లాకప్పు కంటి బొమ్మ తెప్పించుకున్నాను. రత్నం తప్పులు వెతకడానికే. ఎన్నో దొరికాయి. ప్రశ్న సగంలో మరిచిపోతుంది. వేళ్ళు తడబడతాయి. చివరికి గోడ మీద తడివేలితో పడవ బొమ్మ గీసింది.

అయినా చూస్తూ పోయాను. అసూయపడ్డవాళ్ళు ఏం చూస్తారో అదే చూశాను. వాళ్ళిద్దరి కళ్ళూ.

రత్నం కళ్ళు మంగవేణి మీద నుంచి కదలలేదు. కదిలితే ఒక్క ముక్కా అర్థం కాదు కాబట్టి. జావగిన్నె ఒలికినా చూసుకోలేదు. లాఠీ జారి కింద పడింది, వంగలేదు. కళ్ళింతలేసి చేసుకుని, పాఠం చెప్పేవాళ్ళ ఎదుట కూర్చున్నట్టు కూర్చుంది. ఎదురుగా మంగవేణి చేతులు ఆగకుండా తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళ పరిచయంలో నాతో ఎప్పుడైనా అలా మాట్లాడిందా? మళ్ళీ మొదటి నుంచి పెట్టుకుని చూశాను.

తర్వాత ఇన్‌స్పెక్టరు గారి విచారణ బొమ్మ పక్కన పెట్టుకున్నాను. ఇంతకు ముందు చేతులు మాత్రమే చూశాను, నా ఉద్యోగం అదే కాబట్టి. ఈసారి కళ్ళు చూశాను.

ఆయన ప్రశ్న అడుగుతారు, ఆమెను చూస్తూనే. ఆమె మొదలుపెడుతుంది. గోడ వైపు పలక మీద అక్షరాలు పడతాయి. చదవడానికి ఆయన తల తిప్పుతారు. ఆమె చేతులు ఒళ్ళోకి దిగిపోతాయి.

మళ్ళీ ప్రశ్న. మళ్ళీ అక్షరాలు. తల తిరుగుతుంది. చేతులు దిగిపోతాయి. ప్రతిసారీ. ఒక్కసారి ఆయన తుమ్మి, పలక వైపు తిరగడం ఆలస్యమైంది. ఆ కాసేపూ ఆమె మాట్లాడింది.

మరలపేటలో మూడేళ్ళ పిల్లకైనా తెలిసిన మర్యాద ఇది. ఎదుటి మనిషి ముఖం తిప్పుకున్నాడంటే వినడం మానేశాడని. తిప్పుకున్న ముఖానికి చెప్పుకోవడం అడుక్కోవడంతో సమానం. మళ్ళీ చూసేదాకా ఆగుతారు. అక్కడ పిల్లలు అలిగితే చేసే పని కూడా ఇదే, కళ్ళు గట్టిగా మూసుకోవడం. ఇంత చిన్న విషయం నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా తెలుసు. విచారణ గదిలో అది ఏం చేస్తుందో ఆలోచించలేదు.

నా కాలంలో ఇలా ఎందుకు కాలేదు? పాత బొమ్మలు తీశాను. అప్పుడూ పోలీసులు చెప్పే మనిషి నుంచి తల తిప్పారు, నా వైపు. ఆ మనిషి చూపూ నా వైపే ఉండేది. గదిలో కళ్ళన్నీ నా మీదే. నేను మాత్రం ఆ మనిషిని చూస్తూ ఉండేదాన్ని, కాబట్టి మాట తెగలేదు. గాజునోరు నా కుర్చీని తీసుకుంది, నా పని తీసుకుంది. చూపు తీసుకోలేదు. దానికి కళ్ళు ఎవరూ పెట్టలేదు.

ఆ బొమ్మల్లో నా ముఖం చూశాను. అందరూ నన్నే చూస్తుంటే ఎంత తృప్తిగా ఉన్నానో.

6. మధ్యాహ్నం. వాన జల్లు.

దేవసహాయం గారికి బొమ్మలు రెండూ చూపించాను. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"చదవకపోతే ఆమె ఏం చెప్పిందో నాకెలా తెలుస్తుందండీ?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. ఎగతాళిగా అడగలేదు.

పలకని గోడ దగ్గర నుంచి తీసి ఆమె తల వెనక పెట్టమన్నాను. చదివితే ఆమె ముఖం మీదుగానే చదవాలి. పలక చూసినా ఆమె వైపే తిరిగి ఉంటారు. ఆయన రెండుసార్లు అటూ ఇటూ తల తిప్పి చూసుకుని, "ఇంతేనా?" అన్నారు. తర్వాత కాస్త సిగ్గుపడ్డట్టు, "నేనామెను మాట్లాడనివ్వలేదన్నమాట," అన్నారు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. నేను అంత తేలిగ్గా ఒప్పుకోగలిగేదాన్నా?

అప్పటికప్పుడు తిరిగి అడగడానికి మాత్రం లేదు. వాంగ్మూలం వెళ్ళకపోయినా కేసు మెట్ట మీద నమోదైపోయింది. వచ్చే పాటుకి న్యాయాధికారి పడవ మీద వస్తున్నారు. ఆవిడ ఎదుటే అడగాలి.

లాకప్పుకి వెళ్ళాను. మంగవేణి నన్ను చూసి చెయ్యెత్తి నా పేరు సైగ చేసింది, కళ్ళజోడు పైకి తోస్తూ. రత్నం కాగితంలోని తప్పులు ఒక్కొక్కటే అడిగాను. పడవ పడమటి పాయలోంచి వచ్చింది. మనుషులు ఇద్దరు, మూడోది మేక. తలుపు సగం దించి మళ్ళీ ఎత్తింది, పడవ దానికి గీసుకుంటూ లోపలికొచ్చింది. ఎర్రదీపాలు వెలిగాక వేటకి తిరిగితే పడవ జప్తు చేస్తారు, అందుకే ఆ మనిషి ఇప్పటిదాకా బయటికి రాలేదు. ఎవరో ఆమెకీ తెలియదు.

అన్నీ రాసుకున్నాక అడిగేశాను. నాకెందుకు కబురు పెట్టలేదు?

ఆమె జావగిన్నె పక్కకి జరిపింది.

"నువ్వొస్తే వాళ్ళు నిన్ను చూస్తారు," అంది. "ఈ ఒక్కసారి నన్ను చూడాలి అనుకున్నాను."

కోపంగా అనలేదు. అలివేలుకి తినిపించమని చెప్పి, జడకున్న రిబ్బను సర్దుకుంది.

ఠాణాకి తిరిగొచ్చి రత్నం కాగితం మీద సవరణలు చేసి, కింద నా వేలిముద్ర వేశాను. దీపాల గస్తీ రద్దు చేయించాను. రత్నం దండం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపి, చేపకి పెళ్ళి చేయకుండా బాగుందని ఎలా చెప్పాలో మళ్ళీ నేర్పించాను. ఈసారి తలుపు వేసి.

7. పాటు. ఆకాశం తేటగా ఉంది.

న్యాయాధికారి జరీనా బేగం గారు పొట్టిగా ఉంటారు, పడవ ప్రయాణంతో కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఒకసారి వింటాను, సరిగా వింటాను, మళ్ళీ మళ్ళీ రానని ముందే చెప్పారు.

అసలు సమయానికి చిక్కొచ్చింది. మంగవేణి తల వెనక పలకని నిలబెట్టడానికి ఏమీ లేదు. దాని కాలు గోడకి బిగించి ఉంది. ఊడదీస్తే పలక ఒక్కటే చేతికొచ్చింది. బల్లలు పేర్చి చూశారు, జారిపోతోంది. ఎవరో ఒకరు పట్టుకోవాలి. నేనే పట్టుకున్నాను.

ఆమె కుర్చీ వెనక నిలబడి పలకని తల పైకి ఎత్తి పట్టుకున్నాను. అక్షరాలు అటు వైపు. ఆమె చేతులు నాకు కనబడవు, ముఖం కనబడదు. కనబడిందల్లా జడ, ఉప్పుకి రంగు వెలిసిన రిబ్బను, ఆ పైన న్యాయాధికారి కళ్ళు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక గదిలో మంగవేణి మాట్లాడుతుంటే ఏం చెబుతోందో నాకు తెలియలేదు.

న్యాయాధికారి అడిగారు. అక్షరాలు చదివారు, ముఖం చూశారు, మళ్ళీ చదివారు. ఆవిడ గడ్డం పక్కకి తిరగలేదు. మంగవేణి భుజాలు కదులుతూనే ఉన్నాయి. నా చేతులు లాగేస్తున్నాయి. ఎక్కడో ఒకచోట న్యాయాధికారి పెదవి బిగించారు, ఒకచోట చిన్నగా నవ్వారు. మేక దగ్గరనుకుంటాను.

రత్నాన్నీ ఇంకో ఇద్దరినీ పడవల రేవుకి పంపారు. తలుపుకి వేసే నీలిరంగు ఊళ్ళో ఇంకెక్కడా వేయరు. ఆ నీలం గీత ఒక పడవ పక్కన దొరికింది. పడవవాడు ముందు తనకేం తెలియదన్నాడట, మేక అరిచాక ఒప్పుకున్నాడట. ఈ మాట రత్నం చెప్పిందే, ఎంత నిజమో తెలియదు. ప్రాణాలు లోపలికి తేవడానికి తలుపు పట్టి ఉంచడం నేరం కాదని న్యాయాధికారి తేల్చారు. జోజప్ప వైద్యం పట్నం చూసుకోవాలి, మూడో తలుపు మంగవేణిదే. గాజునోరు ఉన్న ప్రతి ఠాణాలోనూ చదివే పలక మాట్లాడే మనిషి వెనకే ఉండాలని ఉత్తర్వు రాయించారు. ఎవరి ఆలోచన అని అడగలేదు. దేవసహాయం గారు చెప్పబోతే నేనే వద్దని సైగ చేశాను. ఆ తర్వాత, చెప్పనిస్తే బాగుండేదని కూడా అనిపించింది.

పలక దించాను. మంగవేణి లేచింది. లేచి మొదట చూసింది ఎవరిని?

గుమ్మం దగ్గర రత్నాన్ని. కళ్ళ పక్కన రెండు గుప్పిళ్ళు విప్పి పేరు పిలిచింది. నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది. వేగంగా, ఏడుస్తూ, మరలపేటలో ఇంటివాళ్ళతో మాట్లాడే వేగంతో. రత్నం కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. ఒక్క ముక్కా అందలేదు. నా వైపు తిరిగింది.

"ఆవిడేటంతందండి అమ్మగారూ?"

రత్నం గురించి రత్నానికి నేనే చెప్పాలి. అంత మంచి మాటలు. కాస్త తగ్గించి చెబితే ఎవరికి తెలుస్తుంది? గదిలో రెండు మాటలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. సరిచూసేవాళ్ళు కూడా లేరు.

చెప్పడం మొదలుపెట్టాను. నువ్వు గిన్నె ఒలికినా చూసుకోలేదంటోంది. నువ్వు చూస్తున్నంతసేపూ తను జైల్లో ఉన్నట్టే లేదంటోంది. నీ మాటలన్నీ తప్పులే, నీ అంత బాగా తనతో ఈ ఠాణాలో ఎవరూ మాట్లాడలేదంటోంది. ఎవరూ అన్న ఆ మాట కూడా తగ్గించకుండా చెప్పాను. రత్నం నోరు తెరుచుకుని నా ముఖంలోకే చూస్తోంది. గదిలో మిగతావాళ్ళూ నన్నే చూస్తున్నారు. పాత రోజుల్లాగే. అవతల మంగవేణి చేతులు మెల్లగా కిందికి దిగుతున్నాయి.

"నన్ను కాదు రత్నం," అన్నాను. "ఆమెను చూడు."

రత్నం అటు తిరిగింది. ఆ చేతులు మళ్ళీ లేచాయి.